మా అన్న నన్ను సముద్రంలోంచి లాగిన సంగతి

ఈ సంగతిని కాగితం మీద పెట్టక తప్పడం లేదు. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా సిమెంటు అమ్మే అంగళ్లలో దీన్ని ఇప్పుడు హాస్యకథగా చెప్పుకుంటున్నారు. ఒకరు చెప్పినప్పుడు మా అన్న తాగి ఉంటాడు. ఇంకొకరు చెప్పినప్పుడు నేను తాగి ఉంటాను. పులివెందుల బస్టాండు ఎదుట టీ అంగట్లో ఒకాయన నేనెవరో తెలియక నాకే చెప్పాడు. ఎవరో డీలరు థాయిలాండు సముద్రంలో చేపలు చూస్తున్న సొంత తమ్ముణ్ణి జుట్టు పట్టి ఈడ్చాడట, ఆస్తి తగాదా అట. నేను ఊఁ కొట్టి, టీ తాగి, వచ్చేశాను. కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ వచ్చేది కాదు.

అక్కడున్న వాళ్లు చూసింది అబద్ధం కాదు. అయితే వాళ్లు సముద్రాన్ని మాత్రమే చూశారు. ఈ సంగతిలో ఒక బావి కూడా ఉంది. దాన్ని వదిలేసి చెబితే నవ్వు తప్ప ఇంకేమీ మిగలదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తాగా పనిచేస్తాను. నాకున్న చదువంతా ఆ ఊరి గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద, సెలవు రోజుల్లో సంపాదించుకున్నది. ఆ బీరువాల్లో ప్రయాణాల గురించి ఉన్నవి దాదాపు అన్నీ చదివాను. ఓడలెక్కినవాళ్లు రాశారు, మంచుకొండలెక్కినవాళ్లు రాశారు. బావిలో ఈత నేర్చుకుని సముద్రానికి పోయినవాడు రాసింది ఒక్కటీ కనపడలేదు. ఆ ఖాళీ నేను పూరించాలనుకోవడం గర్వమే అయితే, ఆ గర్వం నాకుంది.

మా తోట వేముల దగ్గర ఒక పల్లెలో ఉంది. చీనీ చెట్లు. బయటివాళ్లు బత్తాయి అంటారు. తోట మధ్యలో మా తాత తవ్వించిన బావి ఉంది. నాపరాళ్లతో నాలుగు వైపులా నిలువుగా కట్టింది. మెట్లు లేవు. గోడలోంచి అక్కడక్కడ బయటికి పొడుచుకొచ్చిన రాళ్ల మీద కాలు పెట్టి దిగాలి, అలాగే ఎక్కాలి.

మేము ముగ్గురం అన్నదమ్ములం. మా అన్న ఆ పల్లెలో అందరికంటే మంచి ఈతగాడు. నాకు ఈత నేర్పింది ఆయనే. తేలికైన ఎండు కట్టె ముక్కలను తాడుకు గుచ్చి నడుముకు కట్టేవాడు. వాటిని బెండ్లంటారు. కట్టి, గట్టు మీద నిలబెట్టి, వీపున చెయ్యి పెట్టి తోసేవాడు. కొన్నాళ్లకొకసారి ఒక్కో ముక్క తీసేసేవాడు, చెప్పేవాడు కాదు. ఒక రోజు పైకొచ్చి చూసుకుంటే నా నడుముకు తాడు ఒక్కటే ఉంది.

బావి ఈతకు కొన్ని పద్ధతులున్నాయి. అడుగు తాకినవాడు పిడికెడు బురద తెచ్చి చూపించాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. మునిగిపోతున్నవాడి ఎదురుగా పోకూడదు, మెడ పట్టుకుంటాడు. వెనక నుంచి పోయి జుట్టు పట్టి లాగాలి. అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి. నీళ్లలో ముఖం పెట్టి బోర్లా, కదలకుండా తేలకూడదు. ఆటకైనా సరే. అలా తేలేది శవమే. మాలో ఎవడైనా అలా చేస్తే మా నాయన గట్టు మీద నుంచి మట్టిగడ్డ విసిరేవాడు, పైకొచ్చాక వీపు మీద కొట్టేవాడు.

మా ఇద్దరి తరువాత శానా ఏళ్లకు పుట్టాడు మా తమ్ముడు. ఇంట్లో అందరం వాణ్ణి చిన్నోడా అని పిలిచేవాళ్లం. వాడికి నడక వచ్చేసరికే బావి ఎండిపోయింది. కరువు ఏళ్లు. అన్న జమ్మలమడుగులో సిమెంటు, ఇనుము అంగడి పెట్టుకున్నాడు. నేను ప్రొద్దుటూరు చేరాను. తోటను, ముసలితనంలో అమ్మానాయనలను చూసుకుంటూ వాడు పల్లెలోనే ఉండిపోయాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు వాడు ఆ ఎండిన బావిలోకి దిగి, అడుగున నీడలో తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాడు. నేను పోయినప్పుడల్లా ఆ బావిలోంచి సెల్‌ఫోను పాటలు వినిపించేవి. అందులో ఈదవచ్చని వాడికి మేము చెప్పడమే తప్ప వాడు చూసింది లేదు.

తరువాత గండికోట జలాశయం నీళ్లు కాలువల్లో మా వైపు వచ్చాయి. చెరువులు నిండాయి. ఒక వానాకాలం మా బావిలో ఊట మొదలైంది. నీళ్లు గోడ మీద ఒక్కో రాయే ఎక్కుతుంటే వాడు రోజూ ఫోను చేసి చెప్పేవాడు. మేమిద్దరం పోయి చూశాం. చాలాసేపు గట్టు మీద నిలబడ్డాం. అన్న తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, ఒక ఆదివారం వస్తాను, బెండ్లు తెస్తాను అన్నాడు. అంగడికి సరుకు రావడం, పెళ్లిళ్లు, ఎన్నికలు, ఏదో ఒకటి వచ్చేది. ఆదివారాలు అట్లా పోయాయి.

ఒక మధ్యాహ్నం తమ్ముడు మోటారు పైపు చివర ఇరుక్కున్న చెత్త తీయడానికి బావిలోకి దిగి, రాయి మీద కాలు జారి పడ్డాడు. ఇంకెవరూ లేరు. అన్నం తీసుకుని వచ్చిన మా మరదలు, అంటే వాడి భార్య, చూసింది. ఆ రోజు పల్లెలోనే పెళ్లికి వచ్చి ఉన్న అన్న కేకలు విని పెళ్లి బట్టలతోనే పరుగెత్తి వచ్చి దూకాడు. తమ్ముడి చొక్కాలో గాలి చేరి వీపు ఒక్కటే నీళ్ల మీద ఉంది. ముఖం కిందికి. అన్న జుట్టు పట్టబోయాడు. వాడు ముందురోజే పొట్టిగా కత్తిరించుకున్నాడు. చేతికి ఏమీ అందలేదు. చొక్కా పట్టి లాగి గోడ దాకా తెచ్చాడు. మెట్లు లేవు గదా. పైనుంచి తాడు పడేదాకా వాణ్ణి భుజాన వేసుకుని, పొడుచుకొచ్చిన ఒక రాయిని పట్టుకుని, ఆ నీళ్లలో వేలాడుతూ ఉన్నాడు. ఈ వివరాలు అన్న చెప్పినవి కావు. గట్టు మీద నిలబడి చూసినవాళ్లు చెప్పినవి.

నేను ప్రొద్దుటూరు నుంచి చేరేసరికి వాణ్ణి నులకమంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. పాస్టరుగారు వాక్యం చదివారు. పాట పాడారు. నేను ముందు వరుసలో నిలబడి, ఎదుటివాళ్ల చెప్పులు చూస్తూ ఉన్నాను. ఒకరివి కొత్తవి, ధర కాగితం ఇంకా ఊడలేదు. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మనిషి పోయిన ఇంట్లో ప్రార్థనకు పెట్టే ఆదరణ కూటం అయ్యాక అంగడికి పోయి చీరలు మడత పెట్టాను. గ్రంథాలయంలో పుస్తకం తెరిస్తే చదివిన పుటే మళ్లీ చదువుతున్నానని కూడా తెలిసేది కాదు.

అన్న మాత్రం ఒక్క నిర్ణయం తీసుకున్నాడు. బావి పూడ్చాలి. జేసీబీ వాడికి చెప్పేశాడు. అమ్మానాయనలు పోయాక పొలం ఇంకా పంచుకోలేదు, అంతా ఆయన పేరు మీదే ఉంది. కాదనేవాళ్లు లేరు.

అదే సమయంలో ఆయన అమ్మే సిమెంటు కంపెనీ, బాగా అమ్మిన డీలర్లను థాయిలాండు తీసుకుపోతామంది. డీలరుకు తోడు ఇంకొకరు. అన్న పోనన్నాడు. వదిన పట్టుబట్టింది. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాడు, నాలుగు రోజులు ఇంకేదైనా చూడనీ అంది. ఆమెకు విమానమంటే భయం. అందుకని నన్ను వెంట పొమ్మంది. తిరిగొచ్చిన సోమవారం జేసీబీ వస్తుందని అనుకున్నారు.

బయలుదేరే ముందు మరదలు బస్సెక్కి ప్రొద్దుటూరు మా ఇంటికి వచ్చింది. మా ఇళ్లలో తమ్ముడి భార్య పెద్ద బావ ఎదుట నిలబడి మాట్లాడదు. ఆయన వస్తే ఆమె లోపలికి పోతుంది. చెప్పాల్సింది వదిన చేత చెప్పిస్తుంది. వదిన చెప్పి చూసింది, అన్న వినలేదు. ఇక మిగిలింది నేను. చిన్న బావనైన నాతో మాట్లాడవచ్చు.

"బావా, ఆ బాయి పూడ్సొద్దని చెప్పు," అంది. "బోరు నీళ్లు చౌడు. అవి పెడితే చెట్లు మాడిపోతాయి. బాయి ఒక్కటే గతి."

నేను సరే అన్నాను.

"ఆయప్ప సచ్చిపోయిన నీళ్లనేగదా పెద్ద బావకు. నేను రోజూ ఆ నీళ్లే చెట్లకు పెడతాండా. నాకు లేదా బాధ? చెట్లు గూడా పోతే నేను యాడుండాల? మా అమ్మోళ్లింట్లో అంట్లు తోముకుంటా ఉండాల్నా?"

వాళ్లకు పిల్లలు లేరు. ఆమెకు ఆ తోట తప్ప నిలబడే చోటు లేదు. అడుగుతానని మాట ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నాకు అడగాలని ఉందో లేదో కూడా తెలియలేదు. ఆమె కాఫీ తాగి, చెంగుతో మూతి తుడుచుకుని, వేముల బస్సుకు పోయింది.

బెంగుళూరులో విమానమెక్కాం. ఫుకెట్‌లో దిగాం. మొదటి రోజు పలహారాల దగ్గర అడుగుదామనుకున్నాను. అన్న ఇడ్లీ లేదని రొట్టె తింటూ, గోడ మీద టీవీలో తెలియని భాష వార్తలు చూస్తున్నాడు. అడగలేదు. మరునాడు పగటి యాత్ర. పొద్దున బయలుదేరి ఒక దీవికి పోయి, సాయంత్రానికి వెనక్కి.

రేవులో మా కోసం ఆగి ఉన్న పడవను చూసి నాకు ఒక్క క్షణం తెలిసిన మనిషిని చూసినట్లైంది. రెండు సన్నటి పడవలు పక్కపక్కన పెట్టి, మధ్యలో అంతస్తు కట్టినట్టుంటుంది. ముందు భాగంలో ఆ రెండింటి నడుమ వల బిగించి ఉంటుంది. దాని మీద పడుకుంటే కింద నీళ్లు కనపడతాయి. కాటమరాన్ అన్నారు. ఈ మాట మన వైపుదే. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన దుంగలు అని నేను గ్రంథాలయంలో చదివి ఉన్నాను. పక్కనున్న ఎర్రగుంట్ల డీలరుకు చెప్పాను.

ఆయన లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. "అయితే మన కట్టెలు మనకే చూపిచ్చేదానికి ఇంత దూరం తెచ్చినారా అప్పా," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం కట్టిన కట్టెలంటే బెండ్లు గుర్తొచ్చాయి. అన్న వైపు చూశాను. ఆయన కంపెనీ ఇచ్చిన టోపీ పెట్టుకుని, బూట్లతో, లోపల నీడలో, నీళ్లు కనపడని చోట కూర్చున్నాడు.

పడవ కదిలింది. పెట్టెలోంచి తెలుగు పాటలు. డీలర్లు చొక్కాలు విప్పి ఎగిరారు. నేను లోపలికి పోయి అన్న పక్కన కూర్చున్నాను. చెట్ల గురించి మొదలుపెట్టాను. ఈసారి కాపు బాగుందట అన్నాను.  మరదలు వచ్చిందని చెప్పాను. అప్పుడు తల తిప్పాడు.

"సముద్రంలో గూడా ఆ బాయేనా రా?" అన్నాడు. "సోమవారం దాకా ఆగలేవా? అయిపోతాది."

 ఒక మాట ఎక్కువ చెప్పడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి. నా లోపల ఏమీ లేదు. లేచి పోయి వల మీద కూర్చున్నాను.

దీవికి కొంచెం ఇవతల పడవ ఆపారు. నీళ్లు పచ్చగా, అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. పడవ మీది ఆడపిల్ల ఒకామె, ఆ దేశపు మనిషి, ముక్కూ కళ్లూ మూసే అద్దాన్ని, నోట్లో పెట్టుకునే పైపును ఎత్తి చూపించింది. మమ్మల్ని తీసుకొచ్చిన టూరు మనిషి తెలుగులో చెప్పాడు. నీళ్లలో ముఖం పెట్టి బోర్లా పడుకోవాలి, పైపుతో నోటి ద్వారా ఊపిరి తీసుకోవాలి, కాళ్లూ చేతులూ ఆడించనక్కరలేదు, చొక్కాలాంటి తేలే జాకెట్టు మోస్తుంది.

ఈత వచ్చినవాళ్లు చేతులెత్తమన్నాడు. నేనెత్తాను. మా వైపు నుంచి ఇంకా కొందరు ఎత్తారు, అందరూ బావి ఈతగాళ్లే.

"మీ అన్న ఎత్తలేదేంది?" అన్నాడు ఎర్రగుంట్ల డీలరు. "ఆయప్ప శానా పెద్ద ఈతగాడని…"

అక్కడే ఆగాడు. ఆయన మా తమ్ముణ్ణి మట్టి చేసిన రోజు వచ్చి ఉన్నాడు. గుర్తొచ్చింది. తల గోక్కుంటూ పైపు నోట్లో పెట్టుకున్నాడు. అన్న ఆ మాట విననట్టే ఉన్నాడు. అయితే నీడలోంచి లేచి వచ్చి వెనక మెట్ల దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. నా చెప్పులు తీసుకుని తన పక్కన పెట్టుకున్నాడు.

నేను మెట్ల మీద నుంచి నీళ్లలోకి దిగాను. ఉప్పు. బావి నీళ్ల చలి లేదు. ముఖం పెట్టడానికి మొదట నాకు మనసొప్పలేదు. వీపు మీద మా నాయన చెయ్యి పడుతుందన్నట్టు మెడ బిగిసింది. తరువాత పెట్టాను.

కింద పగడాలు ఉన్నాయి. పగడం రాయి కాదు, చెట్టూ కాదు, జంతువని చదివాను గానీ చూస్తే నమ్మబుద్ధి కాలేదు. మా ఇళ్ల కప్పుల మీద పెచ్చులూడిన సున్నం లాగా కొన్ని, జింక కొమ్ముల్లాగా కొన్ని. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి నా అద్దం ముందు ఆగి, నన్ను చూసి, ఏ తొందరా లేకుండా పోయాయి. పాటలు వినపడలేదు. నా ఊపిరి పైపులో పోయి వచ్చే చప్పుడు ఒక్కటే. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. సోమవారం లేదు, మరదలు లేదు. కొన్ని నెలలుగా నేను లోపల ఎట్లా ఉన్నానో బయట కూడా అట్లాగే ఉంది. నేను కాళ్లు కదపడం ఆపేశాను. చేతులు రెండు వైపులా వదిలేశాను. అలలు నన్ను పడవకు దూరంగా తీసుకుపోతున్నాయని తెలియలేదు.

అప్పుడు నా జుట్టు ఎవరో పట్టారు.

కుదుళ్లు పెరికినంత నొప్పి. తల వెనక్కి పోయింది, పైపు నోట్లోంచి ఊడింది, ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. నేను తిరగబోయాను. తిరగనివ్వలేదు. వెనక నుంచి ఒక చెయ్యి నా జుట్టు పట్టుకుని ఉంది, ఇంకొక చెయ్యి నీళ్లు తోస్తోంది. ఆ తోపు నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను అట్లాగే ఎన్నోసార్లు గోడ దాకా తెచ్చిన తోపు అది.

"చిన్నోడా, లెయ్. లెయ్ రా చిన్నోడా. దొరికినావు. దొరికినావు."

మెట్ల మీదికి తోసి, బోర్లా తిప్పి, వీపు మీద రెండు చేతులూ పెట్టి ఒత్తడం మొదలుపెట్టాడు. నేను కక్కుకుంటూ, దగ్గుతూ చెప్పాను, "అన్నా, నేను. నేనన్నా. పైపుంది. ఊపిరి ఆడతాంది."

ఆయన చేతులు ఆగాయి. నా మెడకు వేలాడుతున్న పైపును చూశాడు. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పడవ చుట్టూ నీళ్లలో బోర్లా తేలుతున్న మిగతా డీలర్లను చూశాడు. వాళ్లు అప్పటికి ఒక్కొక్కరే తలలెత్తి మా వైపు చూస్తున్నారు. పడవ మీది పిల్ల తన భాషలో గట్టిగా ఏదో అంటోంది. జాకెట్టు లేకుండా దూకినందుకని టూరు మనిషి చెప్పాడు. ఎవరో నవ్వారు. ఒకరు నవ్వాక అందరికీ వచ్చింది. ఒకాయన ఫోనులో తీశాడు కూడా. అన్న బూట్లతోనే దూకాడు. టోపీ దూరంగా నీళ్ల మీద పోతోంది. ఆ పిల్లే ఈదుకుంటూ పోయి తెచ్చి, నీళ్లు పిండి, ఆయన మోకాలి మీద పెట్టింది. 

దీవి మీద ఇసుకలో బల్లలు వేసి అన్నం పెట్టారు. ఎర్రగుంట్ల డీలరు ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ పొడి డబ్బా తెరిచి అందరికీ వేశాడు. అన్నకు మాత్రం అడక్కుండానే రెండోసారి వేశాడు. ఫోనులో తీసినాయన ఆ బొమ్మను చుట్టూ చూపిస్తున్నాడు. అన్న తినలేదు. బూట్లు విప్పి, తలకిందులు చేసి ఇసుకలో గుచ్చాడు.

తరువాత నన్నడిగాడు, "ఆ పైపు ఎట్ల పనిచేస్తాది?"

చూపించాను. అద్దం ఎట్లా బిగించాలో, ఉమ్మి పూసి కడిగితే ఆవిరి పట్టదని ఆ పిల్ల నేర్పింది కూడా చెప్పాను. ఆయన వాటిని తీసుకుని మొలలోతు నీళ్ల దాకా నడిచాడు. నేను వెంట పోయాను. ముఖం పెట్టాడు, వెంటనే లేచాడు. మళ్లీ పెట్టాడు, లేచాడు. తరువాత కాళ్లు వదిలి, చేతులు చాపి, బోర్లా పడుకున్నాడు.

తడి చొక్కా వీపుకు అంటుకుని ఉంది. అలకు ఒళ్లు కొంచెం ఊగుతోంది. నేను పక్కన నిలబడి చూశాను. పైపులోంచి ఊపిరి చప్పుడు వినపడుతూనే ఉంది. వినపడుతున్నా నా చెయ్యి ఆయన తల మీదికి పోయింది. మా అన్నది బట్టతల. పట్టుకోవడానికి ఏమీ లేదు. చెయ్యి అట్లాగే గాలిలో పెట్టుకుని నిలబడ్డాను. మడమల దగ్గర్నుంచి వణుకు పుట్టింది. నాకు నెలల తరువాత వచ్చినది అదొక్కటే. దానికి పేరు పెట్టలేను.

ఆయన లేచి అద్దం తీశాడు. కళ్ల చుట్టూ వలయం పడింది.

"అడుగు కనపడతాది రా," అన్నాడు. అద్దంలో నీళ్లు ఒంపి, "వాడు నీళ్లు లేనప్పుడు పండుకునేటోడు సూడు, ఆడికే పోయినాడు. వానికి ఆ అడుగు తెలుసు. నీళ్లు తెలీదు. నేను చెప్పింటే తెలిసేది," అన్నాడు.

 అడగాల్సింది అప్పుడు నోట్లోకి వచ్చింది. "బాయి పూడ్సొద్దన్నా. చిన్నోని పెండ్లాం చెట్లకాడ ఉంటానంటాంది. ఇంక యాడికీ పోలేదు."

"మెట్లుండింటే వాణ్ణి పైకి తెచ్చేటోణ్ణి," అన్నాడు ఆయన. నాతో కాదు. "తాడు కోసం కాసుకోని ఉంటి గదా. వాడు నా భుజం మీద బరువైపాయ."

 తిరుగు ప్రయాణంలో ఆయన నీడలోకి పోలేదు. కట్టుమరం ముందు వల మీద, తడి బట్టల్లో, కింద నీళ్లు చూస్తూ కూర్చున్నాడు. రేవు దగ్గర పడి ఫోనుకు సిగ్నలు రాగానే జేసీబీ వాడికి చేశాడు. సోమవారమే రమ్మన్నాడు. పూడ్చడానికి కాదు, తూర్పు గోడ పడగొట్టి బావి అడుగు దాకా వాలుగా తవ్వడానికన్నాడు. అవతలివాడికి అర్థం కాలేదు. "మెట్లు కట్టిస్తానప్పా, మెట్లు. సిమెంటు నా అంగట్లో ఉంది, నీకేంది," అన్నాడు.

నీళ్లు తోడి, తూర్పు వైపు తవ్వి, వెడల్పాటి మెట్లు కట్టారు. ఇంకో మూడు గోడలకూ చేతికి అందేటట్టు ఇనుప గొలుసు బిగించారు. ఆ పని జరిగినన్ని రోజులూ అన్న అంగడి మూసి అక్కడే ఉన్నాడు. ఊట మళ్లీ నిండాక మరదలికి వదినతో చెప్పించాడు, ఆ తోటలో ఉండేది ఆమె కాబట్టి ఆమె ఈత నేర్చుకోవాలని.

నేర్పేవాళ్లు ఎవరు? పల్లెలో ఆడవాళ్లకు ఎవరికీ రాదు. పెద్ద బావ ఆమె ముఖం నేరుగా చూసి మాట్లాడనివాడు. నాతో మాట్లాడుతుంది గానీ నీళ్లలో చెయ్యి పట్టి నేర్పే వరస నాదీ కాదు. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ఆదివారం చర్చి అయ్యాక వదిన, మరదలు మెట్ల దగ్గరికి దిగుతారు. బెండ్లు కట్టేది వదిన. తాడు కొస పట్టుకునేదీ వదినే. అన్న పైన గట్టు మీద, బావికి వీపు పెట్టి, చెట్ల వైపు తిరిగి కూర్చుంటాడు. నీళ్ల చప్పుడు వింటూ చెబుతాడు.

"కాళ్లు శానా కొడతాంది. మెల్లిగా కొట్టమను."

"వినపడతాంది లెండి ఆయమ్మకు," అంటుంది వదిన.

"చప్పుడు ఆగిపోయిందేంది?"

"తేలతాండాది."

"బోర్లానా, ఎల్లకిలానా?"

"ఎల్లకిలా. ఆకాశం సూస్తాంది."

అప్పుడు ఆయన భుజాలు కొంచెం దిగుతాయి. ఆ మాట వినేదాకా తిరగడు. విన్నాక కూడా తిరగడు. నేను కొన్ని ఆదివారాలు పోయి ఆయన పక్కన కూర్చున్నాను. మా ఇద్దరికీ చూడ్డానికి చెట్లున్నాయి.

ఈ సంగతి రాయడానికి తోడ్పడినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. ఇంట్లోవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను. సముద్రంలో పోయిన టోపీని తెచ్చి ఇచ్చిన ఆ దేశపు పిల్లకు. మా గొడవను ఓర్చుకున్న టూరు మనిషికి. ఫోనులోని బొమ్మను తన కళ్ల ముందు తుడిపించి, అంగళ్లలో ఎవరైనా నవ్వితే "నీకు బాయి తెలీదు లేప్పా" అని మందలిస్తున్న ఎర్రగుంట్ల డీలరుకు. పూడ్చడానికని డీజిలు పోసుకుని వచ్చి తవ్వి పోయిన జేసీబీ డ్రైవరుకు. ఈ కాగితాలు మొదట చదివి, కట్టుమరం గురించి నేను చెప్పింది సరేనని బీరువా తెరిచి చూపిన మా గ్రంథాలయ అధికారికి. తాడు వదలని మా వదినకు. చదవనని చెప్పి, అచ్చు తప్పులుంటే చూసుకోమన్న మా అన్నకు.

చివరగా మా మరదలికి. మొన్న ఆదివారం వదిన ఆమెకు తెలియకుండా ఆఖరి బెండు తీసేసింది. ఆమె తూర్పు మెట్ల నుంచి పడమటి గొలుసు దాకా పోయి, గొలుసు పట్టుకుని, నడుము తడుముకుని, తాడు ఒక్కటే ఉందని చూసుకుంది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఈ మాట కూడా రాయమంది.